పదో కట్ట, ముప్పైరెండు పళ్ళు

నిన్న సాయంత్రం దీపాలు పెట్టే వేళ మా బాబుకి మేజోళ్ళు తొడగబోయి పాదాలు పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. నుదుటి మీద చెయ్యి వేశాను. కాలుతోంది. నాకు భయం మొదలైంది సరిగ్గా అప్పుడే. అంతకు గంట ముందు నుంచి వాడికి ఒళ్ళు వెచ్చగానే ఉంది. దానికి నేను రోజూ పడే భయమే పడ్డాను, అంతకంటే ఎక్కువ పడలేదు. తల వేడిగా, కాళ్ళు చల్లగా ఉన్నాయంటే జ్వరం ఇంకా ఎక్కుతోందని నాకు నేర్పిన మనిషి ఒకామె ఉండేది. "తల పొయ్యి, కాళ్ళు కుండ అయినయనుకో, ఇంక పైకి పోతది. కూసోకు" అనేది.

ఆమె చనిపోయిందని నిన్న మధ్యాహ్నమే తెలిసింది. బిలోలి వైపు నుంచి కూరగాయలు తెచ్చి మా గల్లీలో అమ్మే ఆమె పుంటికూర కట్ట నా చేతిలో పెడుతూ, "ఆయాబాయి పోయింది గదమ్మా, నీకెరుక లేదా? పదకొండు దినాలు గూడ అయిపాయె" అంది. నేను కట్ట పట్టుకుని లోపలికి వచ్చి ఆకులు తుంచుతూ కూర్చున్నాను. పిల్లలకు చెప్పలేదు. సాయంత్రానికి ఇది.

మావారి ఉద్యోగం బిలోలిలో. శనివారం వచ్చి సోమవారం మొదటి బస్సుకు వెళ్ళిపోతారు. నాందేడ్‌లో నేను, అత్తమ్మ, ఏడేళ్ళ పాప, మూడేళ్ళ బాబు. బాబుకి ఏడాదిన్నర వయసప్పుడు జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. జ్వరం గబుక్కున పెరిగితే ఐదేళ్ళు వచ్చేదాకా మళ్ళీ రావచ్చని, పైకి పోనివ్వకుండా చూసుకోమని డాక్టరు చెప్పారు. అప్పటి నుంచి మా ఇంట్లో థర్మామీటర్ వంటగదిలో ఉప్పు డబ్బా పక్కనే ఉంటుంది. చీకట్లో కూడా చేతికి అందాలని.

నిన్న అది పెట్టి చూశాను. ముప్పైఎనిమిది మీద తొమ్మిది గీతలు. రెట్టింపు చేశాను. పదో కట్ట తీసేశాను. పళ్ళు కలిపాను. నూట రెండు.

ఈ లెక్క ఎక్కడిదో చెప్పాలంటే ఆమె గురించే చెప్పాలి. ఆమె పేరు నాకు తెలియదు. మూడేళ్ళలో అడగాలని తోచలేదు. అందరూ ఆయాబాయి అనేవాళ్ళు, నేనూ అన్నాను.

*

పాపకు నాలుగేళ్ళప్పుడు మా పాత థర్మామీటర్ పగిలిపోయింది. పాదరసం గుండ్లు గుండ్లుగా గచ్చు మీద దొర్లింది. అదే నెలలో నా తమ్ముడు దుబాయి నుంచి సెలవుకు వచ్చి నిజామాబాదులో అమ్మను చూసి మా ఇంటికి వచ్చాడు. వాడు తెచ్చిన సామానులో కొత్త థర్మామీటర్ ఒకటి ఉంది. దాని మీద తొంభైఎనిమిది, నూరు లేవు. ముప్పైఐదు నుంచి నలభైరెండు దాకా ఉన్నాయి. సెంటీగ్రేడు.

తొమ్మిది బై ఐదు, ప్లస్ ముప్పైరెండు అని నేనూ చదువుకున్నాను. పరీక్షలో రాసి అక్కడే వదిలేసి వచ్చాను. తమ్ముడు నవ్వి, "గదంత ఎందుకక్కా, మేమక్కడ రెట్టింపు చేసి ముప్పై కలుపుతం. అయిపాయె" అన్నాడు. అక్కడి ఎండ ఎంతో తెలుసుకోవడానికి వాళ్ళకు ఆ లెక్క సరిపోతుందట. నేను దాన్ని పిల్ల జ్వరానికి వాడాను.

తమ్ముడు వెళ్ళిన వారానికి పాప దగ్గింది. థర్మామీటర్ పెడితే ముప్పైఏడు. రెట్టింపు డెబ్బైనాలుగు. ముప్పై కలిపితే నూట నాలుగు.

రిక్షాలో పెద్ద దవాఖానకు వెళ్ళాను. పిల్లల వార్డు ముందు వరండాలో జనం. "నూట నాలుగుంది, నూట నాలుగుంది" అంటూ నేను ముందుకు తోసుకుని పోతున్నాను. తెల్లచీర, నీలం అంచు, నడుముకు కొంగు బిగించిన ఒక ఆయా అడ్డం వచ్చింది. యాభై దాటి ఉంటాయి. నన్ను చూడలేదు, నా చంకలో ఉన్న పాపను చూసింది.

"ఎవలకమ్మా నూట నాలుగు?"

"నా బిడ్డకు."

"గీ బిడ్డకేనా?"

పాప పల్లీపట్టి తింటోంది. కొరికిన ముక్కను ఆమెకు కూడా చూపించింది, కావాలా అన్నట్టు. ఆమె పాప మెడ వెనక చెయ్యి పెట్టి తీసింది.

"నూట నాలుగున్న పిల్ల పల్లీపట్టి తింటదా? నీ తర్మామీటర్ ఎంతన్నది?"

"ముప్పైఏడు."

"దాన్నేం జేసినవ్?"

చెప్పాను.

"ఎంత సదివినవ్ బిడ్డా?"

"బి.ఏ."

"గందుకే" అంది.

బల్ల దగ్గరున్న ఇద్దరు నర్సులు గట్టిగా నవ్వారు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. ఆయా మాత్రం వాళ్ళ వైపు తిరిగి, "తల్లి ఉరికొచ్చింది. నవ్వుడెందుకు? ఉరికి రానోళ్ళను సూసి ఏడ్వాలె" అంది. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది.

"ముప్పైఏడుకు జోడెంత?"

"డెబ్బైనాలుగు."

"అండ్ల పదోది తియ్యి."

"ఏడు మీద నాలుగు."

"ఏం మిగిలె?"

"అరవైఆరు మీద ఆరు."

"నోట్ల పండ్లెన్ని?"

నాకు అర్థం కాలేదు.

"మనిషి నోట్ల పండ్లెన్నుంటయమ్మా? బి.ఏ.ల చెప్పలేదా?"

"ముప్పైరెండు."

"కలుపు. తర్మామీటర్ పెట్టేది నోట్లనే గద. ఎంత?"

"తొంభైఎనిమిది మీద ఆరు."

"ఇగ ఇంటికి పో. పిల్లకు నీళ్ళు తాపియ్యి, పట్టి తిన్నది."

ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె నోరు చూశాను. నాలుగైదు పళ్ళకు మించి లేవు. నా చూపు ఆమె కనిపెట్టింది. "నాయి సూడకు" అంది. "నోట్ల ఎన్నున్నా లెక్కకు ముప్పైరెండే."

*

ఆమె ఉండేది మా గల్లీ చివరి గదిలోనే అని ఆ తర్వాత తెలిసింది. డ్యూటీకి పోతూ, వస్తూ మా గుమ్మం ముందు నుంచే నడిచేది. ఆ రోజు నుంచి మా ఇంటి ముందుకు రాగానే "కితీ?" అనేది. ఎంత, అని మరాఠీలో. నమస్కారం లేదు, బాగున్నావా లేదు. నేను పిల్లల్ని రోజూ కొలుస్తానని ఆమెకు అప్పటికే అర్థమైపోయింది.

"ముప్పైఆరు మీద ఎనిమిది" అనేదాన్ని లోపలి నుంచి.

"తొంభైఎనిమిది మీద పావు. ఉత్తగ పిల్లల నోట్ల గుచ్చకు" అనేది. అడుగు ఆగేది కాదు. నేను నోరు మూసేలోపే జవాబు వచ్చేది. ఆ మాట చివర వినపడేసరికి ఆమె పక్కింటి ముందు ఉండేది.

అక్షరాలు రావు ఆమెకు. అంకెలు వచ్చు. బస్సు మీద ఊరు పేరు నన్ను చదవమనేది కానీ టికెట్ మీద అంకె తనే చూసుకునేది. పదో వంతు అంత త్వరగా ఎలా తీస్తావని ఒకసారి అడిగాను.

"నేను తియ్య. మా అమ్మ తీసేది" అంది. బిలోలి అవతల వాళ్ళ ఊళ్ళో వీళ్ళకు సెంటు భూమి లేదు. జొన్న కోతకు పోతే పది కట్టలకు ఒక కట్ట కూలి. "పటేల్ మనిషి కట్టలు ఎంచుతుంటడు. మా అమ్మ దూరంకేలి కుప్పను సూసి, మనయి ఏడు, మనయి ఎనిమిది అనేది. తప్పేది గాదు. తప్పితె మాకే తక్కువైతది గద! నేను ఆమె చెయ్యి పట్టుకొని సూసుకుంట పెరిగిన. గిప్పుడు గూడ నువ్వు ముప్పైతొమ్మిది అంటె నాకు అంకె కనవడదు. రెండు చేన్లు కనవడతయి. గీ చేన్ల ముప్పైతొమ్మిది కట్టలు, గా చేన్ల ముప్పైతొమ్మిది. మా కట్టలు మేం ఎత్తుకుంటం. మిగిలింది వానిది. దానికి పండ్లు కలుపుత."

ఎండాకాలం సాయంత్రాలు మా రేడియోలో మరాఠీ వార్తలు వినడానికి గడప బయట కూర్చునేది. వార్తలతో ఆమెకు పని లేదు. చివర్లో వచ్చే ఉష్ణోగ్రత కోసం. "నలభైనాలుగు" అని రేడియో అనగానే "నూట పదకొండు" అనేది. "మనిషైతె గీపాటికి సచ్చిపోయేటోడు. ఊరు గాబట్కె ఓర్సుకున్నది." చలికాలంలో ఒక రోజు పది అని చెప్పారు. "యాభై" అని కొంగు చుట్టుకుంది. "ఊరికి సగం పానమే ఉన్నది. పొయ్యి ముంగట కూసోవెట్టుండ్రి."

థర్మామీటర్ విదిలించడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. మోచెయ్యి కదలకూడదు, మణికట్టు ఒక్కటే తిరగాలి, తడి చేతి నీళ్ళు విదిలించినట్టు. చేతిని ముందు నమ్మకూడదు. "చెయ్యి అబద్ధమాడతది. నీది సల్లగుంటె పిల్ల కాలుతున్నట్టుంటది. నువ్వు పొయ్యి కాడికేలి లేసొచ్చి ముట్టుకుంటె ఏం లేనట్టుంటది." అయినా ముందు మెడ వెనక చెయ్యి పెట్టేది. పెట్టి, మనసులో ఒక అంకె అనుకుని, తర్వాత థర్మామీటర్ చూసి, తేడా ఎంతుందో చూసుకుని తల ఊపేది.

గడప దాటి లోపలికి వచ్చేది కాదు. అత్తమ్మ రమ్మనలేదు, నేనూ అనలేదు. చేతి సంచిలో తన స్టీలు గ్లాసు ఉండేది. నీళ్ళు అడిగితే దాన్నే చాపేది. నేను చెంబుతో పైనుంచి పోసేదాన్ని.

*

బాబుకి ఫిట్స్ వచ్చిన రోజు మధ్యాహ్నం, ఎండాకాలం. వాడు పొద్దుటి నుంచి నలతగా ఉన్నాడు. ముప్పైతొమ్మిది మీద ఎనిమిది గీతలు చూసి నా తల పనిచెయ్యడం మానేసింది. రెట్టింపు దగ్గరే ఆగిపోయాను. డెబ్బైతొమ్మిది మీద ఆరు అనుకుంటున్నాను, మళ్ళీ అదే అనుకుంటున్నాను.

"ఎంతున్నదే?" అంది అత్తమ్మ.

"ముప్పైతొమ్మిది మీద ఎనిమిది."

"నలభై గూడ లేదు! మా దిక్కు నూట రెండున్నా చేనుకు పోయినం. సలికి వణుకుతున్నడు, గా దుప్పటి దే."

తెచ్చాను. నేనే కప్పాను. బి.ఏ. చదివిన చేతులతోనే కప్పాను. పది నిమిషాలకు వాడి ఒళ్ళు కర్రలా బిగిసిపోయింది. కళ్ళు పైకి తిరిగిపోయాయి. నేను అరిచిన అరుపు గల్లీ చివరకు వినపడిందట. ఆయాబాయి డ్యూటీ దిగి వస్తోంది. చెప్పులతోనే లోపలికి వచ్చేసింది. అత్తమ్మ వాడి పళ్ళ మధ్య చెంచా దూర్చబోతుంటే చెయ్యి పట్టి లాగేసింది.

"నోట్ల ఏం పెట్టకు! పోరన్ని పక్కకు ఒత్తిగిలియ్యి. దుప్పటి తియ్. కిటికీ తెరువు." ఆ తర్వాత నా వైపు తిరిగి, "కితీ?"

"ముప్పైతొమ్మిది మీద ఎనిమిది."

"నూట మూడున్నర దాటింది. రిక్షా పిలువుపో."

రెండు నిమిషాల్లో వాడి ఒళ్ళు సడలింది. ఆ రెండు నిమిషాలు ఆమె వాడి మీద చెయ్యి వేసి తలుపు వైపు చూస్తూ కూర్చుంది. ఏ దేవుణ్ణీ తలవలేదు. రిక్షాలో దారంతా తన కొంగు తడిపి వాడి మెడ, చంకలు తుడిచింది.

వాడు కోలుకుని ఇంటికి వచ్చాక అత్తమ్మ ఆమెను లోపలికి పిలిచింది. చాప వేసింది. మేం తాగే కప్పులోనే చాయ పోసి తెచ్చి ముందు పెట్టింది. నేను వంటగది గుమ్మంలోంచి చూస్తున్నాను. ఆయాబాయి చాప మీద కూర్చుంది. సంచిలోంచి తన గ్లాసు తీసి, కప్పులోని చాయ దాంట్లోకి వంచుకుంది.

"మా కప్పుల తాగవా?" అంది అత్తమ్మ, నొచ్చుకుని.

"దవాఖాన్ల పనిచేసేదాన్ని. నా గిలాస నాకుంటేనే అందరికీ మంచిది" అంది ఆయాబాయి. చాయ తాగి, గ్లాసు కొంగుతో తుడిచి సంచిలో వేసుకుంది. ఆ మాట దవాఖాన గురించేనా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. అత్తమ్మ చాలా రోజులు ఆ కప్పునే చూస్తూ ఉండేది. కానీ ఆ రోజు నుంచి ఆయాబాయి గడప లోపలే కూర్చుంది.

అలా కూర్చున్న ఒక సాయంత్రం అడిగాను. వార్డులో ఆమెను నేను చాలాసార్లు చూశాను. ఏ పిల్లవాడికి జ్వరం చూసినా వెంట వచ్చినవాళ్ళకు తప్పకుండా రెండు అంకెలు చెప్పేది. నర్సు ముప్పైతొమ్మిది అని రాసుకుని వెళ్ళిపోతే, వెనకాల ఈమె నిలబడి, "ముప్పైతొమ్మిది. అంటె నూట రెండు మీద రెండు" అనేది. ఎందుకు అంత పట్టింపు అని అడిగాను.

"ఒక్కసారి ఒక్కటే చెప్పిన బిడ్డా" అంది.

దవాఖానకు కొత్త థర్మామీటర్లు వచ్చిన ఏడాది అట. మర్ఖేల్ వైపు నుంచి ఒక జంట పిల్లను తెచ్చారు. నర్సు చూసి రాసుకుని పోయింది. "గా పిల్ల తండ్రి నన్నడిగిండు, మన తెలుగుల. ఎంతున్నదవ్వా అని. నాకు మన మాటినంగనె సంబురమైంది. కడ్డీ మీద ఉన్నది సదివిన. ముప్పైతొమ్మిదిన్నర అన్న. ఆయన పెండ్లాముతోని ఏమన్నడు? నూరు గూడ లేదు, ఉత్తగ భయపడ్డం, పా, బస్సు దొరుకుతది అన్నడు. ఎత్తుకొని పోయిండ్రు. నేను సూస్తనే ఉన్న. నాకు గూడ తక్కువనే అనిపించింది."

"పిల్ల ఏమైంది?"

"ఎవలకెరుక? బస్సు పోయింది."

ముప్పైతొమ్మిదిన్నర అంటే నూట మూడని మర్నాడు ఒక డాక్టరు మాటల్లో తెలిసింది ఆమెకు. కాంపౌండరును పట్టుకుని లెక్క చెప్పమంది. "ఆయన తొమ్మిదిని తెచ్చి అయిదు మీద కూసోవెట్టిండు. నాకెక్కలే." నాలుగు రోజులు వార్డు తుడుస్తూ తనకు తనే ఈ దారి కట్టుకుంది. జోడు, పదో కట్ట, పళ్ళు. "అప్పటిసంది రెండు చెప్తున్న. ఒకటి డాక్టర్‌ది. ఒకటి ఇంటోళ్ళది."

నౌకరీ అయిపోయాక కూడా ఆమె రోజూ వార్డు వరండాకు పోయి అదే బెంచీ మీద కూర్చునేది. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. కిందటి వానాకాలంలో చూపు మసకబారింది. గీతలు కనబడటం లేదని చెప్పి, వాళ్ళ చెల్లెలి ఊరికి పోతానంది. వెళ్ళే రోజు చిన్న సంచితో మా గుమ్మంలో ఆగింది. థర్మామీటర్ తెమ్మంది. మణికట్టుతో నాలుగుసార్లు విదిలించి, కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది.

"కిందికి దింపి పెట్టిన" అంది. అంతే.

*

నిన్న నూట రెండు దగ్గర ఉన్నాం కదా. ఇంట్లో ఉన్న జ్వరం మందు తాగించాను. బట్టలు విప్పి ఒళ్ళంతా తడిగుడ్డతో తుడిచాను. అరగంట ఆగి మళ్ళీ పెట్టాను. ముప్పైతొమ్మిది మీద ఆరు. ఈసారి తల ఆగిపోలేదు. డెబ్బైతొమ్మిది మీద రెండు. కట్టలు పోతే డెబ్బైఒకటి మీద పావు. పళ్ళు కలిపితే నూట మూడు మీద పావు.

"నూట మూడు దాటింది అత్తమ్మా."

"పోరన్ని ఎత్తుకో. రిక్షా నేను పిలుస్త" అంది అత్తమ్మ. దుప్పటి మాట ఎత్తలేదు.

పాపను ఆమె దగ్గర వదిలి వెళ్ళాను. దారి పొడుగునా వాడి కళ్ళే చూస్తున్నాను, పైకి తిరుగుతాయేమోనని. తిరగలేదు. వార్డులో డాక్టరు చూసి సూది వేశారు. ఈ రాత్రి ఇక్కడే ఉంచండి, ఫిట్స్ వస్తే వెంటనే చెప్పండి అన్నారు. మంచం దొరికేదాకా వరండాలో కూర్చోమన్నారు. ఆ బెంచీ మీద ఎవరిదో గొడుగు ఉంది. దాన్ని పక్కకు జరిపి, వాణ్ణి ఒళ్ళో వేసుకుని, తుడుస్తూ కూర్చున్నాను.

నా ఎదురుగా గోడ వారన ఒక జంట. మూటలు, మట్టి కాళ్ళు. ఆమె ఒళ్ళో రెండేళ్ళ పిల్ల. నర్సు వచ్చి ఆ పిల్ల చంకలోంచి థర్మామీటర్ తీసింది. అతను మరాఠీలో ఎంత అని అడిగాడు. ముప్పైతొమ్మిదిన్నర అని, డాక్టరు వస్తారని, నర్సు లోపలికి వెళ్ళిపోయింది. అతను భార్య వైపు వంగాడు.

"నూరు గూడ లేదట. ఇంకెంతసేపు కూసుంటవ్? దెగ్లూర్ ఆఖరి బస్సు పోతది. లే."

ఆమె లేచింది. మూట భుజానికి వేసుకుంది.

నేను వెంటనే మాట్లాడానని రాసుకోవాలని ఉంది. మాట్లాడలేదు. ఇదే వరండాలో ఒకసారి నా లెక్క తప్పింది. ఇద్దరు నర్సులు నవ్వారు. నా ఒళ్ళో నా బిడ్డ కాలుతున్నాడు, ఊళ్ళో వాళ్ళ బిడ్డ సంగతి నాకెందుకు అని కూడా అనుకున్నాను. ముప్పైతొమ్మిదిన్నర, జోడు డెబ్బైతొమ్మిది అని లోపల మొదలుపెట్టాను. రెండుసార్లు చేశాను. అప్పటికి వాళ్ళు మెట్ల దగ్గరికి వెళ్ళారు.

"ఓ అన్నా, పోవద్దు" అన్నాను. వాళ్ళు ఆగలేదు. మళ్ళీ అన్నాను. "పోవద్దు. అది నూట మూడు."

అతను తిరిగి చూశాడు. "నర్సమ్మ ముప్పైతొమ్మిదిన్నర అన్నది గద."

"అది డాక్టర్ల లెక్క. మన లెక్కల నూట మూడు."

"నువ్వు డాక్టరువా?"

"కాదు."

"నర్సువా?"

"కాదు. పిల్లల తల్లిని."

"మరి నీకెట్లెరుక?" అన్నాడు. కోపంగా అనలేదు. బస్సు పోతుందన్న తొందర ఉంది గొంతులో.

తొమ్మిది బై ఐదు నా నాలుక చివరకు వచ్చింది. మింగేశాను.

"జొన్న కోతకు పోతరా మీరు?"

"పోతం."

"గీ చేన్ల ముప్పైతొమ్మిదిన్నర కట్టలు, గా చేన్ల ముప్పైతొమ్మిదిన్నర. మొత్తం ఎంత?"

అతను నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. భార్య మాత్రం చెప్పింది, మెట్టు మీద నిలబడే. "డెబ్బైతొమ్మిది."

"పది కట్టలకు ఒకటి కూలి తియ్యి."

"ఎనిమిదికి జరంత తక్కువ" అంది ఆమె. నేను నోరు తెరిచేలోపే అంది. "డెబ్బైఒకటి మిగుల్తది."

"నోట్ల పండ్లెన్ని? అవి కలుపు."

ఈసారి అతను కలిపాడు. పెదాలు కదిలాయి. నూట మూడు అని అతని నోటి నుంచే వచ్చింది. పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. మూట భార్య భుజం మీది నుంచి తీసి గోడ వారన పెట్టాడు.

"బస్సు?" అంది ఆమె.

"పోనీయ్" అన్నాడు.

కాసేపటికి డాక్టరు వచ్చి ఆ పిల్లను చూసి, చేర్చుకుంటున్నామని చెప్పారు. మా ఇద్దరికీ పక్కపక్క మంచాలు దొరికాయి. ఆ తల్లి, నేను ఒకే బకెట్ నీళ్ళతో ఇద్దర్ని తుడిచాం. గంటకోసారి ఆమె "అక్కా, ఎంత?" అనేది. నేను రెండూ చెప్పేదాన్ని. బాబుకి ఫిట్స్ రాలేదు. తెల్లవారుతుండగా వాడి పాదాలు వెచ్చబడ్డాయి, నుదురు చెమర్చింది. పక్క మంచం పిల్ల కళ్ళు తెరిచి నీళ్ళు అడిగింది. నేను బయల్దేరేటప్పటికి ఆ పిల్లకు ఇంకా నూట ఒకటి ఉంది. తర్వాత ఎలా ఉందో మధ్యాహ్నం వెళ్ళి కనుక్కుందామనుకున్నాను. అత్తమ్మ బాబును పట్టుకుంటానంది, వెళ్ళి వచ్చాను. ఆ పిల్ల బిస్కట్ చాయలో ముంచుకుని తింటోంది.

పొద్దున రిక్షా దిగేసరికి పాప గడపలోనే నిలబడి ఉంది. జడలు వేసుకోలేదు. "కితీ?" అని అరిచింది, అచ్చం ఆమెలాగే.

"ముప్పైఏడు మీద ఎనిమిది. నూరు" అన్నాను.

"ఆయాబాయి ఊరికేలి వచ్చిందా, కనవడ్డదా? ఆమె బెంచీ మీదనే ఉంటది గద."

బాబును చాప మీద పడుకోబెట్టాను. పాపను పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆయాబాయి పోయింది, ఇగ రాదు అని ఇద్దరికీ చెప్పాను. బాబుకి అర్థం కాలేదు. పాప తమ్ముడి పాదాలు ముట్టుకుని చూసింది. తర్వాత, "మరి గిప్పుడు దవాఖాన్ల అందరికి లెక్క ఎవలు చెప్తరు?" అంది.

"తెలిసినోళ్ళు చెప్పాలె. ఎవలన్న ఎంత అంటె ఒక్కటి చెప్పి ఊకోవద్దు. రెండూ చెప్పాలె. నేర్పుతా, రా" అన్నాను. ముప్పైఏడు మీద ఎనిమిది. జోడు చేయించాను. పదో కట్ట తీయించాను. పళ్ళు కలపమన్నాను.

పాప వేలు నోట్లో పెట్టుకుని తడుముకుంటూ లెక్కపెట్టింది. ముందు పళ్ళు రెండు ఊడిపోయి ఉన్నాయి.

"నాకు ఇరవైరెండే ఉన్నయి" అంది దిగులుగా.

"నోట్ల ఎన్నున్నా లెక్కకు ముప్పైరెండే" అని చెప్పాను.